లత్తేరిలో పుట్టిన చెల్లమ్మ

సత్తువాచారి,
జూన్ 8

చిన్నమ్మకు షాలిని నమస్కారాలు.

కాట్పాడి పెళ్ళిలో మీరు నా చేయి పట్టుకుని, "అచ్చం మా అక్క నడకే" అన్నప్పటినుంచి మీకు రాయాలనుకుంటున్నాను. ఫోన్ చేస్తే ఇంట్లో అందరికీ వినబడుతుందనీ, మీకు మాత్రం వినబడదనీ మీరే చెప్పారు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు మీ ఇంట్లో మీరొక్కరే, మా ఇంట్లో నేనొక్కదాన్నే. అమ్మకు తెలుగు మాటే గాని రాత రాదు, చదివిందంతా తమిళమే. ఇంతకంటే గుట్టుగా రాసుకునే వీలు ఎవరికి దొరుకుతుంది?

నేను ఇక్కడ ఒక ఇంజనీరు దగ్గర ఇళ్ళకు ప్లాన్లు గీస్తాను. పాత ఇళ్ళ పత్రాలు వస్తుంటాయి. హద్దుల దగ్గర వీధి పేర్లు చదివితే భలే ఉంటాయి. మీ గుడియాత్తంలో సున్నపుగూళ్ళ వీధి ఉండేదట, ఒంటెద్దు సందు ఉండేదట. ఇప్పుడవన్నీ నాయకుల పేర్లు, లేదంటే ఫస్ట్ క్రాస్, సెకండ్ క్రాస్. నేను పాత పేర్లు ఏరుతున్నాను. పనీపాటా లేని సరదా అని మా ఇంజనీరు నవ్వుతాడు. ఆయన నవ్వితే నాకేమిటి?

ఒక్క మీ వీధి పేరే దొరకలేదు. ఇప్పుడు కొత్త వీధి అంటున్నారు. అంతకుముందు ఏమనేవారు?

ఇంకొకటి కూడా అడగాలి. అమ్మను ఎవరైనా ఏ ఊరని అడిగితే, లత్తేరిలో పుట్టానంటుంది. మీరు చూస్తే గుడియాత్తంలో పుట్టి, పుట్టిన ఇంట్లోనే ఉన్నారు. ఒకే తల్లి పిల్లలు రెండు ఊళ్ళలో ఎలా పుట్టారు? గుడియాత్తం మాటెత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఆమెను ఒక్కసారి మీ ఇంటికి తీసుకురావాలి, మీరిద్దరూ ఒక చాప మీద కూర్చుని అన్నం తింటుంటే చూడాలి. నా కోరిక అంతే.

మీ షాలిని


గుడియాత్తం,
జూన్ 19

చిరంజీవి షాలినికి చిన్నమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మురిసిపోయాను. చేతిరాత మాత్రం కోడి గీకినట్టు ఉంది. మా పంతులమ్మ చూసుంటే చెవి మెలిపెట్టేది.

మీ చిన్నాన్న నాగలింగం మేస్త్రీ పని మానేశాడు. ఇంట్లో కూర్చుని పక్కింటివాళ్ళు కట్టే గోడకు వంకలు పెడుతున్నాడు. నా మోకాళ్ళు మామూలే. ఎండలు తగ్గాయి.

వీధి పేరు అడిగావు. మా వీధికి పేరేమీ లేదమ్మా. ఆ రోజుల్లో మేస్త్రీ ఇల్లంటే చాలు, ఉత్తరాలు చేరేవి. ఉన్న పేర్లు ఏరుకో, లేనివాటికోసం తిరగకు.

మీ అమ్మకు ఇక్కడికి రావడం ఇష్టం లేదు. ఎవరి మనసు వాళ్ళది. బలవంతం చేయవద్దు. పెద్దవయసులో మనిషిని కదిలిస్తే ఏం లేస్తుందో ఎవరికి తెలుసు? కాట్పాడిలో ఎవరి పెళ్ళయినా పడితే అక్కడ కలుసుకుందాం.

ఇట్లు
కాంచన


సత్తువాచారి,
జూలై 13

చిన్నమ్మకు,

నిన్న ఆదివారం గుడియాత్తం వచ్చాను. మీ ఇంటికి రాలేదు, కోప్పడకండి. మీ వీధి మొగలో ఒక ముసలాయన ఆటో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేలాయుధం అట. ఊళ్ళో పాత పేర్లన్నీ ఆయన నోట్లో ఉన్నాయని ఎవరో చెప్పారు. నిజమే, గడగడా చెప్పాడు. కొత్త వీధి దగ్గరికొచ్చేసరికి ఆగి, పక్కన టీ తాగుతున్నవాళ్ళ వైపు చూసి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. "ఆడబిడ్డవు, ఆ పేరుతో నీకేం పని నాయనా" అన్నాడు.

నేను నోట్లో నాలుక లేనిదాన్ని కాను, మీకు తెలుసు. అయినా ఆ నవ్వు ముందు ఇంకో ప్రశ్న వేయకుండా బస్టాండుకు నడిచాను. చేయని తప్పుకు పట్టుబడ్డట్టు ముఖమంతా వేడెక్కింది. ఎందుకు సిగ్గుపడ్డానో తెలియకపోవడం ఇంకా సిగ్గు. బస్సులో దారి పొడుగునా తల ఎత్తలేదు.

వీధికి పేరే లేదన్నారు మీరు. లేని పేరుకు అంతమంది నవ్వుతారా? నిజం చెప్పండి. అమ్మకూ దానికీ ఏదో సంబంధం ఉందని నాకు అనుమానంగా ఉంది.

షాలిని


గుడియాత్తం,
జూలై 25

షాలినీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మా ఇంట్లో ఈ అక్షరాలు ఎవరికీ రావు గనక ధైర్యం చేస్తున్నాను. చదివాక చింపెయ్యి.

మా వీధి పేరు పడుకు వీధి. రాసేశాను. ఇంత వయసొచ్చి, ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. ఎవరు ఎవరితో పడుకున్నారని ఆ పేరు వచ్చిందో మాకు తెలియదు. పూర్వం అక్కడ చెడ్డ ఇళ్ళు ఉండేవని ఊళ్ళో అనుకునేవారు. మేము మేస్త్రీలం, తరవాత వచ్చి ఇల్లు కొనుక్కున్నవాళ్ళం. మాకంటే ముందు వీధంతా తెలుగు నేతవాళ్ళే. వాళ్ళూ ఆ పేరుతోనే పిలిచేవారు, మామూలుగా, పెరుగు పాలు అన్నట్టు. ఆ పేరేమిటని వాళ్ళను అడగడానికి మాకు సిగ్గు. అడగకపోబట్టి అదే నిజమైంది.

మంచివాళ్ళే పాపం. తెల్లారేసరికి ఈ చివరినుంచి ఆ చివరికి లుంగీల నూలు బారుగా లాగి కట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వేవాళ్ళు. వీధంతా వాళ్ళదే. మా నాయన తాపీ పట్టుకుని ఆ దారాల కింద వంగి వంగి పనికి పోయేవాడు. "వీధిలో మనుషులు నడవాలనా, నూలు నడవాలనా" అని రోజూ తిట్టేవాడు. నేనూ మీ అమ్మా ఆ దారాల కింద దాగుడుమూతలు ఆడేవాళ్ళం.

ఎవరో పుణ్యాత్ముడు వీధి మొగలో గోడమీద తమిళంలో పేరు రాయించాడు. నోటిలో ఉన్నంతకాలం ఎలాగో నడిచింది, గోడెక్కాక నలుగురికీ చదువుకోవడానికి వీలైంది. మీ అమ్మను చూసుకోవడానికి చిత్తూరు వైపునుంచి పెళ్ళివారొచ్చారు. వాళ్ళలో ఒకడు మొగలో ఆగి, ఆ పేరు గట్టిగా చదివి, "పడుకు వీధంట. పిల్లను చూసేకి వచ్చినామా, ఇంకేమన్నానా" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. వ్యాను అక్కడే తిప్పుకుని వెళ్ళిపోయారు. మీ అమ్మ పూలు పెట్టుకుని, మొగకు దగ్గరే ఉన్న మన ఇంటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ప్రతి మాటా వింది.

మధ్యాహ్నం మా నాయన సిమెంటు కలిపి ఆ గోడమీద పేరును పూసేశాడు. మీ అమ్మను లత్తేరిలో మా మేనత్త ఇంటికి పంపాడు. లత్తేరి పిల్ల అని చెప్పే తిరువలం సంబంధం కుదిర్చాడు. పెళ్ళీ లత్తేరిలోనే. ఆ తరవాత మీ అమ్మ ఇటు రాలేదు. ఆమెకు మనసొప్పలేదు.

ఇప్పుడు తెలిసిందిగా? ఇక ఆ పేరు జోలికి పోకు.

కాంచన


సత్తువాచారి,
ఆగస్టు 16

చిన్నమ్మా! చిన్నమ్మా!

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. అమ్మ ముఖం చూడలేకపోయాను. కానీ ఈ బుధవారం మా ఆఫీసులో ఒక సంగతి జరిగింది, చెప్పకుండా ఉండలేను.

నా పక్క బల్ల దగ్గర సుమిత అని చిత్తూరు అమ్మాయి ఉంది. మా ఇంజనీరూ ఆయన తమ్ముడూ ఎప్పుడూ కలిసే తిరుగుతారు. వాళ్ళను చూసి, "ఏమప్పా ఈళ్ళు, పడుగూ పేకా మాదిరిగా ఉండారు" అంది. పడుగంటే ఏమిటని అడిగాను. మగ్గంలో నిలువుదారం పడుగు, అడ్డదారం పేక అంది. మన వైపు దాన్ని పావు అంటాం, ఇక్కడి నేతవాళ్ళూ ఇప్పుడు అందరూ తమిళంలో పావు అనే అంటారు. పడుగన్న మాట మన చెవుల్లోంచి ఎప్పుడు పోయిందో!

మీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ఈ చివరినుంచి ఆ చివరికి నూలు లాగి కట్టేవాళ్ళని మీరే రాశారు. అది పడుగు చిన్నమ్మా! వీధిలో పడుగు వేసేవాళ్ళు గనక పడుగు వీధి. తమిళంలో రాస్తే కు, గు రెండింటికీ ఒకటే అక్షరం. గోడమీద చదివినవాడు కు అని చదివాడు, నవ్వాడు, వెళ్ళిపోయాడు. తెలుగులో రాసుంటే ఏదో ఒకటి తేల్చుకుని రాయాల్సి వచ్చేది. మీరు కూడా తేల్చుకునే రాశారు, కాకపోతే కు రాశారు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ పాపమూ లేని వీధిలో ఇంతకాలం తలలు దించుకున్నారు మీరంతా.

మీ వార్డులో వీధులకు మున్సిపాలిటీవాళ్ళు కొత్త బోర్డులు పెడుతున్నారు, పాత పేర్లుంటే చెప్పమన్నారు. వెళ్ళి ఇచ్చేశాను. ఒప్పుకున్నారు. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. బోర్డు పెట్టిన రోజున తీసుకొచ్చి, దాని కింద నిలబెట్టి చెబుతాను. మీరు అన్నం వండి ఉంచండి.

మీ షాలిని


గుడియాత్తం,
ఆగస్టు 27

షాలినీ,

నీ ఉత్తరం చదివి నేను ఎగిరి గంతేయాలి. మోకాళ్ళు సరే, మనసైనా వేయాలి కదా? వేయలేదు. పొద్దంతా వాకిట్లో కూర్చుని, వీధి ఈ చివరనుంచి ఆ చివరికి చూస్తూ ఉండిపోయాను. ఎవరినైనా ఒక్కరిని అడిగివుంటే ఒక్క నిమిషంలో తేలిపోయే సంగతి. మా నాయన అడగలేదు, మా అమ్మ అడగలేదు. నేను ఇన్నేళ్ళూ ఇక్కడే కాపురం ఉండి కూడా అడగలేదు. సిగ్గుగా ఉంది. మునుపు వీధిని చూస్తే సిగ్గు, ఇప్పుడు నన్ను చూసుకుంటే సిగ్గు.

మీ అమ్మను అప్పుడే తీసుకురాకు. ముందు బోర్డు పెట్టనీ, నేను చూస్తాను. ఆ తరవాత నీకు చెప్పవలసింది ఒకటుంది. ఉత్తరంలో రాయడం చేతకావడం లేదు.

కాంచన


సత్తువాచారి,
సెప్టెంబరు 9

చిన్నమ్మకు,

బోర్డు పెట్టారని తెలిసి, మీ ఉత్తరం అందేటప్పటికే మేము బయలుదేరాం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

మీరు వాకిట్లో నిలబడి ఉండటం ఆటోలోంచి చూశాను. మేము దిగకుండానే ఎందుకు తిరిగిపోయామో మీకు అర్థమైపోయి ఉంటుంది. బోర్డు మీరూ చదివే ఉంటారు. పడుక్కై వీధి! తమిళంలో పడుక్కై అంటే పడక. తరవాత మున్సిపాలిటీలో అడిగితే చెప్పారు, రాసినవాడికి పడుగన్న మాట తెలియదట. నేను ఇచ్చిన పేరులో అక్షరాలేవో పడిపోయాయనుకుని, మంచి మనసుతో సరిదిద్దాడట. కు, గు అని మీకు అంత పాఠం చెప్పినదాన్ని, ఆ పేరు ఒట్టి తమిళ అక్షరాల్లో రాసి ఇచ్చి వచ్చాను. అర్థం కూడా రాసి ఇవ్వాలన్న బుద్ధి పుట్టలేదు. మా నాన్నకు కూడా తెలియనివ్వకుండా అమ్మ దాచుకున్న పుండును నేనే తీసుకెళ్ళి వీధి మొగలో వేలాడదీశాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

అమ్మ బోర్డు చదివింది. ఆటో అతనితో బస్టాండుకు పోనిమ్మంది. బస్సులో నేను ఏడుస్తూ అంతా చెప్పాను, పడుగు, పేక, నేతవాళ్ళు, తమిళంలో ఒకటే అక్షరం. ఆ మాట మంచిదేననీ, అందులో తప్పేమీ లేదనీ చెప్పాను. అమ్మ లత్తేరి దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరవాత అంది:

"అది పడుగైతే నాకేమి, పడకైతే నాకేమి? చెడ్డిండ్ల వీధే అయింటే మాత్రం నేనేం చేస్తిని? ఆ పేరు నన్ను ఇంట్లోకి రావద్దనలేదే. మా అమ్మా నాయనా అన్నారు. మా నాయన గోడకు సిమెంటు పూసినాడు, మీ చిన్నమ్మ నోటికి పూసుకున్నాది."

చిన్నమ్మా, అమ్మకు మనసొప్పక రాలేదని మీరు రెండుసార్లు రాశారు. రావద్దన్నది మీవాళ్ళేనా? అవునంటే అవునని రాయండి. ఇప్పుడు నేను మిమ్మల్ని తప్పుపట్టే స్థితిలో లేను.

షాలిని


గుడియాత్తం,
సెప్టెంబరు 20

షాలినికి,

నిన్న నువ్వు ఆఫీసునుంచి వచ్చేసరికి మీ ఇంట్లో నన్ను చూసి బిత్తరపోయావు. ఒక్క మాటైనా అడగకుండా కాఫీ పెట్టి ఇచ్చి, బస్సెక్కించావు. అడగనందుకు నీకు చెప్పాలి.

అవును. రావద్దన్నది మేమే. లత్తేరిలో పెళ్ళిపందిట్లోనే మా అమ్మ మీ అమ్మను పక్కకు పిలిచి, "ఇంక నువ్వు లత్తేరి పిల్లవి. గుడియాత్తం పక్క రావద్దు, నీ కాపురం నిలబడాల" అంది. మీ నాన్నవాళ్ళకు తెలిస్తే వదిలేస్తారని భయం. మీ అమ్మ తల ఊపింది. అప్పుడు నేను చిన్నపిల్లను, సరే. తరవాత పెద్దవాళ్ళు పోయారు, ఇల్లు నాకొచ్చింది. మీ నాన్న కూడా పోయాడు. ఇంక అడ్డేముంది? అయినా పిలవలేదు. పిలిస్తే ఇన్నేళ్ళూ ఎందుకు పిలవలేదని అడుగుతుంది కదా, దానికి జవాబు లేక పిలవలేదు. ఒక ఏడాది దాటాక రెండో ఏడాది ఇంకా కష్టమైంది. ఆమెకే ఇష్టం లేదని నలుగురితో అనేదాన్ని, అని అని నేనే నమ్మేశాను.

నువ్వు రాసిన ఆ మాట, చెడ్డ ఇళ్ళ వీధే అయినా నేనేం చేశానన్నది, దాన్ని చదివాక ఇంట్లో ఉండలేకపోయాను. పేరు మంచిదని తేలగానే మనమంతా పరుగెత్తాం చూడు. పేరు చెడ్డదైనా మా అక్క మంచిదేనని ఒక్కరికీ తట్టలేదు.

మీ మేడమెట్లు ఎక్కేసరికి నా పని అయిపోయింది. తలుపు తట్టాను. మీ అమ్మ తలుపు కమ్మీల వెనకనుంచి చూసి గుర్తుపట్టింది. గుర్తుపట్టే, తమిళంలో, "యారు వేణుం?" అంది, ఎవరో అమ్ముకోవడానికి వచ్చినదాన్ని ఎవరు కావాలని అడిగినట్టు.

"గుడియాత్తం మేస్త్రీ పెద్దకూతురు చెల్లమ్మ కావాల" అన్నాను.

"ఆమె యాడుండాది? ఈడ ఉండేది లత్తేరిలో పుట్టిన చెల్లమ్మ" అంది.

గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల కుక్కరు కూస్తోంది. వెళ్ళి దాన్ని ఆపి వచ్చింది. మళ్ళీ చూసింది. తలుపు తీసింది. "లోపలికి రా. ఆ మోకాళ్ళతో ఎంతసేపు నిలబడతావు" అంది.

అన్నం పెట్టింది. తనూ నా పక్కనే కూర్చుని తింది. నువ్వు చూడాలనుకున్నది అదే కదా, నీ కోరిక తీరిందని రాద్దామనుకున్నాను గాని, అది నువ్వు అనుకున్న భోజనం కాదు. ఇద్దరం మాట్లాడింది పప్పులో ఉప్పు గురించే. అన్నాలయ్యాక చేయి కడుక్కుని, దారంతా బస్సులో కూర్చి పెట్టుకున్న మాటలు ఎత్తబోయాను. "అక్కా, ఆ రోజు..." అన్నానో లేదో, చేయి అడ్డం పెట్టింది.

"చెప్పొద్దు కాంచనా. చెప్పేస్తే నీకు బరువు దిగుతాది. నాది దిగదు."

కోపంగా అనలేదు. గిన్నెలు సర్దుకుంటూ అంది. ఆమె కడిగిన గిన్నెలు తుడిచి ఇచ్చాను. అంతలో నువ్వొచ్చావు.

బోర్డు సరిచేస్తామని మొన్న వచ్చి చెప్పారు. ఈసారి పక్కన తెలుగులో కూడా రాస్తారట, అక్షరాలు నన్నే రాసి ఇమ్మన్నారు. ఇచ్చాను. ఎవరైనా నవ్వితే నవ్వనీ. మీ అమ్మను ఇక్కడికి రమ్మని నువ్వు అడగవద్దు, నేనూ అడగను. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తానన్నాను. నీ ఇష్టం అంది.

కాంచన